మీ వీధిలో టీకా అందనివాళ్ళకు అందేలా చేయడం ఎలా?

తిరుపతిలో ఆగస్టు వచ్చిందంటే దగ్గులు మొదలవుతాయి. వానలు, ఆ వెనకే బ్రహ్మోత్సవాల రద్దీ. మామూలు రోజుల్లోనే కొండకు 60 వేల నుంచి 80 వేల మంది దాకా వస్తుంటారు. వాళ్ళతో పాటు దేశంలోని నలుమూలల జలుబులూ దిగుతాయి. ఆ జనానికి గది తాళాలిచ్చేవాళ్ళు, దుప్పట్లు మార్చేవాళ్ళు, జీపులు తోలేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, గుండ్లు గీసేవాళ్ళు రాత్రికి కొర్లగుంటకో జీవకోనకో ఇళ్ళకు చేరతారు. ఇంట్లో షుగరున్న ముసలమ్మ ఉంటుంది, ఉయ్యాల్లో చంటిబిడ్డ ఉంటుంది. ఫ్లూ టీకా అవసరం ముందుగా ఉన్నది ఇలాంటి ఇళ్ళకే. అది అందరికంటే ఆలస్యంగా చేరేదీ, చాలాసార్లు అసలు చేరనిదీ ఈ ఇళ్ళకే.

మీరు పొదుపు సంఘం లీడరు కావచ్చు, స్కూల్ టీచరు కావచ్చు, లాడ్జి మేనేజరు కావచ్చు, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్న పిల్లలు కావచ్చు. ఈ పనికి డాక్టరు చదువు అక్కర్లేదు. సూది వేయడానికి నర్సులున్నారు. మనిషిని అక్కడిదాకా తీసుకురావడానికే ఎవరూ లేరు. ఒక వీధినో, ఒక కాలనీనో పెట్టుకుని మొదలుపెట్టండి. ఊరంతా నెత్తినేసుకుంటే రెండు వారాల్లో నీరసం వస్తుంది.

ముందు మీకు తెలియాల్సింది: ఏది ఉచితం, ఏది డబ్బులకు

జనం మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. తడబడితే తర్వాత మీరేం చెప్పినా వినరు.

పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఊపిరితిత్తులకు, గాలి ద్వారా అంటుకునే జబ్బులకు పనికొచ్చేవాటిలో ముఖ్యమైనవి మూడు. పెంటావాలెంట్ నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు వేస్తారు. కోరింత దగ్గు, గొంతు జబ్బు అంటే డిఫ్తీరియా, ఇంకా మరికొన్ని దీనితో ఆగుతాయి. పీసీవీ నెలన్నరకు, మూడున్నర నెలలకు, తొమ్మిదో నెల నిండాక వేస్తారు. ఇది న్యుమోనియా తెచ్చే న్యుమోకోకస్ అనే బాక్టీరియాకు. బాక్టీరియా టీకా ఇక్కడెందుకంటే, ఫ్లూ, తట్టు లాంటి వైరస్‌లు ఊపిరితిత్తులను దెబ్బతీశాక ఆ సందులో దూరి పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఇలాంటి బాక్టీరియానే. మూడోది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లాలకు. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది.

ఈ ఉచిత టీకాల్లో ఫ్లూ టీకా లేదు. డబ్బులిచ్చి వేయించుకోవాలి, అదీ ఏటా. సూది ఒకటి సుమారు వెయ్యిన్నర నుంచి రెండు వేల పైచిలుకు ఉంటుంది. అన్యాయం ఎక్కడ మొదలవుతుందో తెలిసింది కదా.

కోవిడ్ టీకా 2021, 22లో ఉన్నట్టు ఇప్పుడు ప్రతి కేంద్రంలోనూ దొరకదు. పెద్ద వయసు వాళ్ళు, క్యాన్సరు మందులు, కిడ్నీ మార్పిడి లాంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు తమ డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు 2023లో అమెరికాలో టీకాలు ఆమోదం పొందాయి. మన ఉచిత జాబితాలో అవి లేవు. 2025 జనవరిలో టీవీలన్నీ హడలగొట్టిన హెచ్‌ఎంపీవీ అనే వైరస్‌కు అసలు టీకానే లేదు. ఎవరైనా 'హెచ్‌ఎంపీవీ సూది' అని అమ్మజూపితే మోసమని తేల్చి చెప్పండి.

నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగండి

చాలామంది పోస్టరుతో మొదలుపెడతారు. ఫ్లెక్సీ కొట్టించి, దాని మీద నలుగురి ఫోటోలు వేయించి, సెంటర్లో కట్టి ఇంటికెళ్ళిపోతారు. ఆ ఫ్లెక్సీ చదివేవాళ్ళకు టీకా సంగతి ముందే తెలుసు. మీరు దాని జోలికి పోకండి. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి, పెన్ను ఒకటి కొనండి.

ఇంటికి ఒక పేజీ. పైన ఇంటి గుర్తు రాయండి. నంబరు లేకపోయినా 'వేపచెట్టు పక్క రేకుల ఇల్లు' అని రాస్తే చాలు. కింద ఇంట్లో ఉన్న ఒక్కొక్కరి పేరు, వయసు. పక్కన ఈ ప్రశ్నలు: గర్భిణి ఉందా? ఐదేళ్ళలోపు బిడ్డ ఉందా, టీకా కార్డుందా? షుగరు, ఆస్తమా, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఎవరికైనా ఉన్నాయా? 65 దాటినవాళ్ళున్నారా? అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో అడగండి: పనికి ఎన్ని గంటలకు పోతారు, ఎన్ని గంటలకు తిరిగొస్తారు?

ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. అందని టీకాల్లో చాలా వాటికి జవాబు అక్కడే ఉంది. తెల్లారి నాలుగింటికే పూల మార్కెట్టుకు పోయే ఆమెకు, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేవాడికి, శ్రీసిటీ బస్సెక్కి పొద్దు మునిగాక దిగే పిల్లకు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా జరిగే టీకా కార్యక్రమం ఉన్నా లేనట్టే. సూది వద్దని వాళ్ళెవరూ అనలేదు. ఒక పూట కూలి పోతుంది, అంతే.

జబ్బుల వివరాలు నలుగురిలో అడక్కండి. ఆ పుస్తకం మీ దగ్గరే ఉండాలి. పేజీలు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అస్సలు వద్దు. ఫలానా ఇంట్లో ఫలానా జబ్బని వీధిలో పాకితే, రెండోసారి మీకు ఏ తలుపూ తెరుచుకోదు.

పేజీలో ఎక్కకుండా జారిపోయేవాళ్ళు కొందరుంటారు. ఇటుక బట్టీల దగ్గర, కట్టే బిల్డింగుల కింద గుడిసెల్లో ఉండే వలస కుటుంబాలు. ఏ సచివాలయం జాబితాలోనూ వాళ్ళ పేర్లు దొరకవు. శ్రీకాళహస్తి, సూళ్ళూరుపేట వైపు యానాది కాలనీలు. పెద్ద లాడ్జిల మెట్ల కింద గదుల్లో పడుకునే కుర్రాళ్ళు. వీళ్ళ కోసం విడిగా ఒక సాయంత్రం పెట్టుకోండి. వెళ్ళగానే ఆధార్ అడక్కండి. ఆధార్ లేదని బిడ్డకు టీకా ఆపకూడదు. మీరు ఆ మాటతో మొదలుపెడితే మాత్రం వాళ్ళే తప్పుకుంటారు.

సచివాలయం నర్సమ్మను కలవండి

పుస్తకం సగం నిండాక మీ గ్రామ, వార్డు సచివాలయంలోని ఏఎన్‌ఎంను, ఆశా వర్కర్‌ను కలవండి. జాబితా చేతిలో పెట్టి 'వీళ్ళను వదిలేశారే' అని మొదలెట్టకండి. ఇంటింటి సర్వేలు, ఫోన్లో యాప్‌లు, రిపోర్టులు, మీటింగులతో వాళ్ళు ముందే తలమునకలై ఉంటారు. 'అక్కా, ఈ పదిహేను ఇళ్ళ కార్డులు చూశాం, ఆరుగురు పిల్లలకు ఎంఆర్ రెండోది పడలేదు, ఏ రోజు తీసుకురమ్మంటారు?' అని అడగండి. వాళ్ళ పని సగం తగ్గించిన మనిషిని ఎవరూ కాదనరు.

మామూలుగా బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. మీ ప్రాంతంలో ఏ రోజు ఏ అంగన్‌వాడీలోనో, ఏ హెల్త్ క్లినిక్‌లోనో నెలవారీ ప్లాను వాళ్ళ దగ్గర ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని కిరాణా కొట్టు దగ్గర అంటించండి. పోస్టరు పనికొచ్చేది ఇక్కడ: తేదీ, చోటు, టైము. ఇంకేమీ వద్దు.

ఒక చిక్కు గురించి ముందే చెప్పాలి. ఎంఆర్ టీకా పొడిగా వస్తుంది. అందులో దానికిచ్చిన ద్రావణం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే. అందుకని ఒకే ఒక్క బిడ్డ వస్తే 'ఇంకో ఇద్దరొచ్చినప్పుడు తెరుస్తాం, వచ్చే వారం రండి' అని పంపేయడం అక్కడక్కడా జరుగుతుంది. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలి. అది అడిగే హక్కు మీకుంది. కాకపోతే గొడవపడేకంటే తేలికైన దారి ఉంది. మీ పుస్తకంలోంచి ఆ టీకా బాకీ ఉన్న పిల్లలందరినీ ఒకే రోజు తీసుకెళ్ళండి. మందూ వృథా కాదు, ఎవరూ సూది పడకుండా తిరిగి రారు.

ఉదయం రాలేనివాళ్ళు చాలామంది ఉంటే మీ ప్రాంత ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసరుకు అర్జీ రాయండి. 'మా కాలనీలో ఇన్ని ఇళ్ళు, ఇందులో ఇంతమంది పిల్లలకు టీకాలు బాకీ, తల్లిదండ్రులు ఉదయం ఏడు లోపల పనికి పోతున్నారు, నెలకు ఒక్కసారి సాయంత్రం లేదా సెలవు రోజు టీకాలు వేయించగలరు' అని అరపేజీలో. లెక్క ఉన్న అర్జీని పక్కన పడేయడం కష్టం. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

ఇలాంటి ఏర్పాటు అసాధ్యమని ఎవరైనా అంటే 2021 గుర్తు చేయండి. ఆ ఏడాది మే నెలలో 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళు ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. ఫోను, నెట్టు, ఓటీపీ చకచకా కొట్టే వేళ్ళు ఉన్నవాళ్ళకు ముందు దొరికింది. జూన్ 20న మన రాష్ట్రంలో 45 దాటినవాళ్ళకు, ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు ముందు వేయాలని పెట్టుకుని ఊరూరా కేంద్రాలు తెరిచారు. ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు పడ్డాయి. ఎవరికి ముందో తేల్చుకుని, మనుషులున్న చోటికి పోతే ఎంత పని జరుగుతుందో అప్పుడే చూశాం.

గడప దగ్గర ఏం మాట్లాడాలి

ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. మైకు పట్టుకుని వంద మందికి చెప్పేకంటే పది గడపల్లో పది నిమిషాల చొప్పున కూర్చోవడం మేలు. ఇద్దరు వెళ్ళండి. అందులో ఒకరు ఆ వీధి మనిషై ఉండాలి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళుంటారు, కుప్పం వైపు తమిళం, కన్నడం రెండూ వినిపిస్తాయి. ఆ భాష వచ్చినవాళ్ళను వెంట పెట్టుకోండి. ముస్లిం వీధుల్లో ముందు మసీదు పెద్దలతో మాట్లాడి, శుక్రవారం నమాజు తర్వాత ఒక్క మాట చెప్పమని అడగండి.

2021 మే నెలలో కృష్ణపట్నంలో నాటు మందు కోసం వేల మంది బారులు తీరారు. అదే రోజుల్లో టీకా అంటే తలుపు వేసుకున్న ఇళ్ళూ ఉన్నాయి. మందు పేరు, ఫార్ములా ఎవరికి కావాలి? ఇచ్చేవాడు మనవాడా కాదా అని చూస్తారు. మీకు కోపం వచ్చినా ఆ సంగతి మరిచిపోకండి.

మీకు ఎదురయ్యే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

'ఏందక్కా, జలుబుక్కూడా సూదా?' మామూలు జలుబు వేరు, ఫ్లూ వేరు అని చెప్పండి. ఫ్లూ ఉన్నట్టుండి పట్టుకుంటుంది. జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, పొడి దగ్గు, వారం దాకా మంచం. గట్టి మనిషి లేచి తిరుగుతాడు. షుగరున్న పెద్దామె, గర్భిణి, ఆస్తమా ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు న్యుమోనియాలోకి జారిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ ఒక నిజం మీ అంతట మీరే ముందుగా చెప్పేయాలి: ఈ సూది అన్ని దగ్గులనూ ఆపదు. ఫ్లూను కూడా నూటికి నూరుపాళ్ళు ఆపదు. ఆసుపత్రిపాలయ్యే పరిస్థితిని బాగా తగ్గిస్తుంది. ఇది చెప్పకుండా వేయించారనుకోండి, వచ్చే నెల వాళ్ళకు మామూలు దగ్గొస్తుంది, 'రెండు వేలు దండగ' అని వీధంతా చాటుతారు. దాన్ని కడుక్కోవడం మీ వల్ల కాదు.

'సూదేయించుకుంటే మా వదినకు జ్వరమొచ్చింది.' రావచ్చు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్ళు వెచ్చబడటం మామూలే. ఫ్లూ సూదిలో ఉండేది చచ్చిపోయిన వైరస్ ముక్కలు, అవి ఫ్లూ తెప్పించలేవు. ఒంట్లో రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది. ఈ లోపల బయటి ఫ్లూ అంటుకుంటే సూది మీద నింద పడుతుంది. అందుకే రద్దీకి ముందే వేయించుకోవాలి. బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి కాబట్టి ఆగస్టు లోపల పూర్తిచేయడం మంచిది. మన దేశంలో ఫ్లూ జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి పెరుగుతుంది.

'పెళ్ళి కావాల్సిన పిల్ల, రేపు బిడ్డలు పుట్టకపోతే?' ఈ మాట తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. నవ్వకండి. గర్భిణులకు కూడా ఈ సూది వేయించమని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. తల్లి వేయించుకుంటే ఆ రక్షణ కడుపులోని బిడ్డకు చేరి, పుట్టాక మొదటి నెలల్లో కాస్తుంది. గర్భానికి హాని చేసేదైతే గర్భిణికి ఎందుకు వేస్తారని అడిగితే చాలు.

'అమ్మవారు పోసింది, ఆసుపత్రికి తీసుకుపోకూడదు.' తట్టు వచ్చిన ఇంట్లో ఈ మాట వింటారు. వేపాకు తీసేయమనొద్దు, మొక్కు తప్పనొద్దు. 'వేపాకు కట్టుకోండమ్మా, దాంతోపాటు బిడ్డకు విటమిన్ ఎ వేయించాలి, కళ్ళు, ఊపిరితిత్తులు చూపించాలి' అనండి. ఆ రోజే ఆశా వర్కర్‌కు కబురు చెప్పండి. తట్టు వైరస్ గదిలో గాలిలో రెండు గంటల దాకా ఉండగలదు. టీకా లేని పదిమంది రోగి దగ్గరికి వస్తే తొమ్మిదిమంది దాకా అంటుకుంటుంది. ఒక ఇంట్లో వచ్చిందంటే ఆ వీధిలో టీకా బాకీ ఉన్న పిల్లలందరి పేజీలూ ఆ సాయంత్రమే తిరగేయాలి.

వాట్సాప్‌లో పుకారు వచ్చినప్పుడు గ్రూపులో వాదనకు దిగకండి. పుకారును మళ్ళీ ఫార్వర్డ్ చేసి 'ఇది అబద్ధం' అని రాయకండి, దానికి మీరే ఇంకో పది ఇళ్ళు చూపించినట్టవుతుంది. పంపినవాళ్ళకు విడిగా ఫోన్ చేసి, ఎక్కడిదని అడగండి. చాలాసార్లు వాళ్ళకూ తెలియదు. గ్రూపులో మాత్రం టీకా తేదీ, చోటు, సూది వేయించుకున్న వీధి పెద్దావిడ గొంతుతో అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి.

డబ్బుల టీకా పేదింటికి చేరాలంటే

ముందు యజమానులను అడగండి. లాడ్జి, హోటలు, ట్రావెల్స్, గుజ్జు ఫ్యాక్టరీ, ప్రైవేటు స్కూలు. తిరుపతిలో ఒక ఏసీ గదికి ఒక రాత్రి అద్దె ఎంతో, ఒక మనిషికి ఏడాదికి ఫ్లూ సూది ఖర్చు ఇంచుమించు అంతే. సీజన్లో ఇద్దరు పనివాళ్ళు వారం పడుకుంటే పోయేదెంతో యజమానికి మీకంటే బాగా తెలుసు. జాలి మాటలు వద్దు, ఆ లెక్క చెప్పండి.

తర్వాత పిల్లల డాక్టరు గానీ, జనరల్ ఫిజీషియన్ గానీ తెలిసినవాళ్ళుంటే, ముప్పై నలభై డోసులు ఒకేసారి తెప్పిస్తే ఎంత తగ్గుతుందో అడగండి. పెట్టె మీద ముద్రించిన ధర గరిష్ఠ ధర మాత్రమే, అంతకు తక్కువకు ఇవ్వొచ్చు. మందు ఏ సంవత్సరం స్ట్రెయిన్లకు, అంటే వైరస్ రకాలకు, తయారైందో పెట్టె మీద ఉంటుంది, గడువు తేదీతో పాటు అదీ చూడండి. వైరస్ ఏటా మారుతుంది కాబట్టి నిరుటి మందు తక్కువకు వస్తుందంటే వద్దనండి. ఎనిమిదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలు మొదటిసారి వేయించుకుంటుంటే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

మందు మీరు కొని ఇంట్లో పెట్టుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టినా చెడిపోతుంది. పాలు విరిగితే కంటికి కనిపిస్తుంది, టీకా చెడిపోతే కనిపించదు. కరెంటు పోయే ఫ్రిజ్జులో ఉంచింది, స్కూటరు మీద పాలిథిన్ సంచిలో ఐసుముక్కలతో తెచ్చింది వేయించుకుంటే నీళ్ళు ఎక్కించుకున్నా ఒకటే. అసలు నష్టం ఏమిటంటే, రక్షణ ఉందనుకుని జాగ్రత్తలు మానేస్తారు. ఆసుపత్రి ఫ్రిజ్జులోంచి తీసి, డాక్టరు దగ్గరుండగా వేయించండి.

ఇప్పుడు కష్టమైన పని. డబ్బులు ఇరవై సూదులకే వచ్చాయి, పేర్లు ఎనభై ఉన్నాయి. ఎవరికి? చందా పోగుచేయక ముందే ఈ వరస కాగితం మీద రాసి, సంఘం మీటింగులో చదివి వినిపించండి. నా లెక్కలో ముందు గర్భిణులు, ఆస్తమా, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు. వాళ్ళతో పాటే వీధిలో రోగుల ఇళ్ళకు తిరిగే ఆశా వర్కర్. తర్వాత 65 దాటినవాళ్ళు, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు. ఆ తర్వాత జనంలో పనిచేసేవాళ్ళు. ఒక వరుసలో ఉన్నవాళ్ళలో ఎవరికి స్తోమత తక్కువో వాళ్ళకు ముందు. అక్కడా తేలకపోతే చీట్లు వేయండి, నలుగురి ముందు.

వరస చదివి వినిపించమనడం ఊరికే కాదు. డబ్బులు వచ్చాక తయారయ్యే జాబితాలో సంఘం లీడరు తోడికోడలు, కార్పొరేటర్ బావమరిది ఎలా చేరతారో మనకు కొత్త కాదు. వాళ్ళకూ టీకా అవసరమే, కాదనను. వేయించుకోగలిగినవాళ్ళు మాత్రం డబ్బులిచ్చి అదే రోజు అక్కడే వేయించుకోవచ్చని చెప్పండి. వాళ్ళ డోసులు కలిస్తే మొత్తం ఆర్డరు పెరుగుతుంది, ధర ఇంకా తగ్గే అవకాశం ఉంటుంది.

దాతల పేర్లు బోర్డు మీద రాయండి, మంచిదే. సూది వేయించుకుంటున్న పేదింటి మనిషి పక్కన నిలబడి ఫోటో దిగే సరదా మాత్రం మానుకోమనండి.

ఆ రోజు

నీడ, ఇరవై కుర్చీలు, మంచినీళ్ళు, ఒక బల్ల. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళను తీసుకురావడానికి ఒక ఆటో మాట్లాడి ఉంచండి. పేరు పిలిచేటప్పుడు అప్పటికే జ్వరంతో ఉన్నవాళ్ళను, గతంలో ఏ టీకాకైనా ముఖం వాచి ఊపిరాడక ఇబ్బంది పడినవాళ్ళను విడిగా కూర్చోబెట్టి డాక్టరుకు చూపించాలి. నిర్ణయం డాక్టరుదే, మీది కాదు.

సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ చాలావరకు ఆ నిమిషాల్లోనే బయటపడుతుంది. 'పనికి టైమవుతోంది' అని లేచేవాళ్ళను ఆపడానికే ఒక మనిషిని పెట్టండి. ఏఎన్‌ఎం ప్రతి తల్లికీ నాలుగు సంగతులు చెప్పాలి: ఏ టీకా వేశారు, మళ్ళీ ఎప్పుడు రావాలి, జ్వరమొస్తే ఏం చేయాలి, కార్డు దాచుకుని మళ్ళీ తేవాలి. రద్దీలో వాళ్ళు మరిచిపోతే మీరు అడిగి చెప్పించండి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో తేదీ పడిందా, యూ-విన్ అనే ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ నమోదులో పేరు ఎక్కిందా అని అక్కడే చూడండి. వలస వెళ్ళే కుటుంబమైతే కార్డును ఫోన్‌తో ఫోటో తీసి వాళ్ళ ఫోన్లోనే ఉంచండి, రేపు చెన్నైలోనో బెంగళూరులోనో చూపించుకోవచ్చు.

మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చే బిడ్డ, ఫిట్స్, రెండు రోజులు దాటినా తగ్గని జ్వరం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊపిరాడకపోతే 108. టీకా వేసినవాళ్ళకు కూడా తప్పకుండా చెప్పండి, అలాంటివి నమోదు చేయాల్సిన బాధ్యత వాళ్ళకుంది. దాచిపెడితే పుకారుకు మీరే మేత వేసినట్టు.

అడ్డం పడితే ఎక్కడికి వెళ్ళాలి

ఉచిత టీకాకు డబ్బులడిగినా, మందు లేదని పదే పదే తిప్పినా ముందు మెడికల్ ఆఫీసరు, తర్వాత డీఎంహెచ్‌ఓ, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి ఆఫీసు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. శ్రీకాళహస్తి వాళ్ళ అర్జీ తిరుపతికి పోవాలి, పలమనేరు వాళ్ళది చిత్తూరుకు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు వస్తుంది. దూరం వెళ్ళలేనివాళ్ళు 1100కు ఫోన్ చేయొచ్చు. మొదట ముద్ర వేయించుకున్న కాపీ ఇప్పుడు పనికొస్తుంది. అర్జీలో ఒక్క నర్సమ్మ పేరు పెట్టి నింద వేయకండి, ఏ తేదీన ఎంతమంది తిరిగొచ్చారో రాయండి. మందు పైనుంచి రాకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

నాలుగు వారాలకు పుస్తకం మళ్ళీ తీయండి. రెండో డోసు పిల్లలు, తొమ్మిది నెలలు నిండినవాళ్ళు, ఈ లోపల వీధికి కొత్తగా దిగిన కుటుంబాలు. అద్దె ఇళ్ళు ఎక్కువున్న వీధుల్లో మూడు నెలలకే సగం పేజీలు పాతబడతాయి. వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడికి పోయారో పక్కింట్లో అడిగి రాసుకోండి. ఆ ఊరి ఆశా వర్కర్‌కు కబురు పంపగలిగితే పంపండి. వచ్చే ఏడాది మీరు ఆ వీధిలో ఉండకపోవచ్చనుకుంటే, పుస్తకం ఎవరి చేతికి ఇవ్వాలో జూలైలోనే తేల్చుకోండి.